మహాసరస్సుల అడవి బియ్యం

ఉత్తర అమెరికా మహాసరస్సుల ప్రాంతంలో, ముఖ్యంగా మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల లోతు తక్కువ నీళ్లలో తనంతట తానే మొలిచే నల్లని పొడవాటి గింజను అడవి బియ్యం అంటారు; ఇది వరి కాదు, వరికి దూరపు చుట్టమైన జిజానియా అనే గడ్డిజాతి. ఓజిబ్వే ప్రజలు వేసవి చివర జంటలుగా పడవలెక్కి, ఒకరు గెడ వేస్తుండగా మరొకరు తేలికైన కర్రలతో కంకులను వంచి మెల్లగా తట్టి, పండిన గింజను మాత్రమే పడవలోకి రాల్చుకొనేవారు. నీటిలో పడిన గింజ మరుసటి ఏటికి విత్తనమయ్యేది. రేపటి పంటను ఇంత శ్రద్ధగా కాపాడిన కోతపద్ధతులు అరుదు. ఆ గింజను వేయించి, గుంటలో పోసి కాళ్లతో తొక్కి, బర్చ్ చెట్టు బెరడు చేటలతో చెరిగేవారు. అమెరికా ప్రభుత్వంతో చేసుకొన్న 1837 ఒప్పందంలో భూములు వదులుకొన్నప్పుడు కూడా వారు ఈ గింజను సేకరించే హక్కును నిలుపుకొన్నారు. అమెరికా సుప్రీంకోర్టు 1999లో దానిని సమర్థించింది.

1950ల నుంచి మిన్నెసోటాలో మడికట్లలో సాగు మొదలై, గట్టి పొట్టు గల గింజ అంగళ్లకు చేరింది. అది మామూలు గిన్నెలో ఉడకడానికి ముప్పావు గంట, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది కనుక, 1679లో డెనీ పాపాఁ రూపొందించిన ఆవిరిపాత్రకు వారసురాలైన ప్రెషర్ కుక్కర్ దానికి బాగా సరిపోయింది. లోపల బంధించిన ఆవిరి నీటి మరుగు స్థానాన్ని సుమారు 120 డిగ్రీల సెల్సియస్‌కు పెంచి వంట సమయాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది. సరస్సులో కోసి కట్టెల మంటపై వేయించిన గింజ త్వరగా ఉడుకుతుంది కాబట్టి దానికి కుక్కర్ అనవసరం. ఈ గింజను పుట్టగొడుగులతో వండేటప్పుడు, వాటిని ముందుగా వెన్నలో వేయించి, వాటి నీరు ఇగిరిన తరువాత గింజతో కలిపితేనే రెండింటి రుచీ నిలుస్తుంది.