చెత్త ఏరివేతలో కృత్రిమ మేధ

చెత్తను సేకరించడంలో, రకాలవారీగా వేరుచేయడంలో, తిరిగి వాడుకలోకి తేవడంలో కృత్రిమ మేధను వాడుతున్నారు. చరిత్ర, పెట్టుబడి, వివాదం ఎక్కువగా ఉన్నది వేరుచేసే పని దగ్గరే. బండ్లు ఏ దారిన వెళ్లాలో లెక్కగట్టడం, తొట్టి నిండిందని సెన్సర్‌తో తెలుసుకోవడం మామూలు గణితంతోనూ చాలావరకు సాధ్యమే. వాటికి కృత్రిమ మేధ అన్న పేరు తగిలించడంలో అమ్మేవారి ఉత్సాహం పాలు కూడా ఉంది.

మునుపటి యంత్రాలు

కలగలిసిన చెత్తలోంచి ఇనుమును అయస్కాంతం లాగేస్తుంది. అల్యూమినియం అయస్కాంతానికి అంటదు. అయితే వేగంగా మారే అయస్కాంత క్షేత్రంలోకి వస్తే అందులో సుడి ప్రవాహాలు పుట్టి, బెల్టు చివర ఎగిరి అవతల పడుతుంది. ప్లాస్టిక్ విషయంలో ఈ రెండు ఉపాయాలూ పారవు. 1990లలో యూరప్‌లో నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పనిచేసే యంత్రాలు వచ్చాయి. ఒక్కో రకం ప్లాస్టిక్ ఆ కాంతిని ఒక్కో తీరుగా తిప్పికొడుతుంది. తేడా పసిగట్టిన మరుక్షణమే గాలిగొట్టం ఊది ఆ ముక్కను వేరే తొట్టిలోకి నెడుతుంది. ఖాళీ సీసాలు వెనక్కి తీసుకునే యంత్రాలతో 1972లో మొదలైన నార్వే సంస్థ టోమ్రా, ఈ విద్యలో ఆరితేరిన టైటెక్‌ను 2004లో కొనుక్కుంది.

ఈ పద్ధతికి రెండు చిక్కులున్నాయి. నల్ల ప్లాస్టిక్‌లో కలిపే కార్బన్ బ్లాక్ కాంతిని మింగేస్తుంది కాబట్టి నల్ల డబ్బా యంత్రం కంటికి ఆనదు. రెండోది ఇంకా పెద్దది. యంత్రం పదార్థాన్ని గుర్తిస్తుందే గాని వస్తువును గుర్తించదు. పాల డబ్బా, బాత్రూమ్ కడిగే ద్రావకం డబ్బా ఒకే పాలిథిలీన్‌తో చేసినవైతే దానికి రెండూ ఒకటే. ఆహారం నింపిన ప్లాస్టిక్‌ను విడిగా తీస్తేనే మళ్లీ ఆహారపు డబ్బాగా మార్చడం కుదురుతుంది. అందుకు ఆకారం, రంగు, లేబులు చూసి పోల్చుకునే కన్ను కావాలి.

కెమెరా కన్ను

ఆ ప్రయత్నం ముందుగా సాగింది ఫిన్లండ్‌లో. 2007లో హెల్సింకీలో పుట్టిన జెన్‌రోబోటిక్స్, కూల్చిన భవనాల శిథిలాల్లోంచి చెక్క, రాయి, లోహం ఏరే మరచేతులను తయారుచేసింది. 2022లో అది అమెరికా సంస్థ టెరెక్స్ చేతికి వెళ్లింది. ఈలోగా 2012లో ఫొటోల్లోని వస్తువులను గుర్తించే ఇమేజ్‌నెట్ పోటీలో అలెక్స్‌నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ గెలవడంతో, వస్తువులను గుర్తించడం యంత్రానికి నేర్పే పని ఒక్కసారిగా తేలికైంది. 2016లో స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులు ఇద్దరు ట్రాష్‌నెట్ అనే చిత్ర సంపుటిని బయటపెట్టారు. అందులో ఉన్నవి గాజు, కాగితం, అట్ట, ప్లాస్టిక్, లోహం, ఇతర చెత్త అనే ఆరు తరగతుల్లో 2,527 ఫొటోలు. ఆ తర్వాత ఎన్నో పరిశోధనా పత్రాలు వాటి మీదే నడిచాయి. ఒక్కో వస్తువునూ తెల్ల అట్ట మీద విడిగా పెట్టి తీసిన ఫొటోలవి. బెల్టు మీద వచ్చే చెత్త నలిగి, తడిసి, ఒకదాని కింద ఒకటి నక్కి ఉంటుంది. పత్రాల్లో కనిపించే కచ్చితత్వ శాతాలను చదివేటప్పుడు ఈ తేడాను మరవకూడదు.

వ్యాపారంగా దీన్ని నిలబెట్టినవారిలో ముఖ్యుడు మతన్యా హొరోవిట్జ్. ఆయన 2014లో కొలరాడోలో ఏఎంపీ రోబోటిక్స్‌ను స్థాపించాడు. డెన్వర్‌లో పాల, పళ్లరసాల అట్టపెట్టెలు ఏరడానికి దిగిన తొలి యంత్రానికి రచయిత ఆర్థర్ సి. క్లార్క్ పేరు పెట్టారు. తన యంత్రాలు నిమిషానికి 80 వస్తువులు ఏరగలవని కంపెనీ చెప్పుకుంటుంది. ఈ వ్యాపారానికి అంతకన్నా పెద్ద ఊపు చైనా నుంచి వచ్చింది. అప్పటిదాకా ప్రపంచపు ప్లాస్టిక్ తుక్కులో పెద్ద వాటాను దిగుమతి చేసుకుంటున్న ఆ దేశం 2018 జనవరిలో తలుపులు మూసింది. అనుమతించిన సరుకులోనూ మలినాలు 0.5 శాతం దాటకూడదంది. మురికి కట్టలు కొనేవారు లేకపోవడంతో అమెరికా, యూరప్‌లలోని ఏరివేత కేంద్రాలు రోబోల వైపు మళ్లాయి. 2019లో టోమ్రా తన కాంతి యంత్రాలకు డీప్ లెర్నింగ్‌ను జతచేసి, పాలిథిలీన్ డబ్బాల్లో కలిసిపోయే సిలికోన్ గొట్టాలను పట్టుకోగలిగింది. నియర్ ఇన్‌ఫ్రారెడ్ ఒక్కదాని వల్ల కాని పని అది.

లాభనష్టాలు

సూదులు, గాజు పెంకులు, పేలే బ్యాటరీలు దొర్లే బెల్టు పక్కన మనిషి నిలబడనక్కర్లేకపోవడం తొలి మేలు. అంతగా ప్రచారం లేని మరో మేలు లెక్క. లండన్‌లో 2019లో మొదలైన గ్రేప్యారట్ తయారుచేసే పరికరం తనంతట తాను దేన్నీ ఏరదు. బెల్టు పైనుంచి చూస్తూ ఏ రకం వస్తువు ఎంత వెళ్లిందో నమోదు చేస్తుంది. తమ ప్యాకింగ్‌కు తామే బాధ్యత వహించాలనే నిబంధన ఉన్న ఉత్పత్తిదారులతో మాట్లాడేటప్పుడు ఈ లెక్కలు అక్కరకొస్తాయి.

కెమెరాకు కనిపించేది పైపొర మాత్రమే. సంచిలో దాగిన లిథియం బ్యాటరీ దానికి తెలియదు. అల్యూమినియం, ప్లాస్టిక్ పొరలు అతికిన చిప్స్ ప్యాకెట్‌ను నిక్కచ్చిగా గుర్తించినా, దాన్ని కొని కరిగించేవారు లేకపోతే చేరేది డంపింగ్ యార్డుకే. భారత నగరాల్లో ఇబ్బంది ఇంకా ముందే మొదలవుతుంది. ఇక్కడి చెత్తలో సగానికి పైగా తడి చెత్తే. అది పొడి చెత్తతో కలిసిపోయి వస్తే ఎంత ఖరీదైన కన్నయినా బురదనే చూస్తుంది. ఇంటి గుమ్మంలో రెండు బుట్టలు పెట్టించడం ఎలాంటి రోబోనైనా తలదన్నే పెట్టుబడి.

ఈ దేశంలో ఏరివేత ఎప్పటినుంచో చెత్త ఏరుకునేవారి బతుకుతెరువు. ప్లాస్టిక్‌ను చేత్తో నలిపి, చప్పుడు విని రకం చెప్పగల నేర్పు వారిది. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు వారిని గుర్తించి, వ్యవస్థలో కలుపుకోవాలని పురపాలికలను ఆదేశించాయి. అమెరికాలో రోబో తీరుస్తున్నది కూలీల కొరతను. ఇక్కడ అదే యంత్రం ఒక కుటుంబపు ఆదాయానికి పోటీ అవుతుంది. హైదరాబాద్ సంస్థ బ్యాన్యన్ నేషన్ ఏరుకునేవారినీ తుక్కు దుకాణాలనూ డిజిటల్ వ్యవస్థతో అనుసంధానించి, వారి నుంచే ప్లాస్టిక్ సేకరించే దారి పట్టింది. మరో హైదరాబాద్ సంస్థ రీసైకల్ సాయంతో 2022లో కేదార్‌నాథ్ యాత్రలో నీళ్ల సీసాలకు క్యూఆర్ కోడ్ అతికించి రూ. 10 డిపాజిట్ వసూలు చేశారు. సీసా తిరిగిస్తే డబ్బు వెనక్కి వస్తుంది. ఇందులో కృత్రిమ మేధతో పెద్దగా పని లేదు, సీసా చెత్తలో కలవకముందే వేరవుతుంది.

కృత్రిమ మేధ సొంతంగా పోగుచేసే చెత్త మరో పద్దు. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పారేస్తే, సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైనది 22.3 శాతమే. వాక్యాలు, బొమ్మలు పుట్టించే కృత్రిమ మేధ సర్వర్ల వల్ల 2020-2030 మధ్య 12 నుంచి 50 లక్షల టన్నులు తోడవుతాయని 2024లో ఒక అధ్యయనం అంచనా వేసింది. ఫోన్లు విప్పడానికి ఆపిల్ 2018లో చూపిన డైసీ అనే రోబో గంటకు 200 ఐఫోన్లు విప్పుతుంది. ఇతర కంపెనీల ఫోన్ల కోసం దాన్ని తయారుచేయలేదు.