మగ్రిబ్ వేళ ఉతారిద్

ఉర్దూ మీడియం బడిలో మా మాస్టర్ సాబ్ ఒకే గుక్కలో చెప్పించేవారు: ఉతారిద్, జుహ్రా, జమీన్, మిర్రీఖ్. సూర్యుడికి దగ్గరగా తిరిగే రాతి గ్రహాలు ఈ నాలుగే. డిగ్రీలో తెలుగు చదివినప్పుడు అవే బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు అయ్యాయి.

మొన్న మా అమ్మాయి ఫోన్ చూపించింది. "అబ్బా, కోపర్నికస్ మనవాళ్ల కితాబ్ దొంగిలించాడట, నిజమేనా?" జర్నలిస్టును కదా, ఒక ఫార్వర్డ్‌కు ఇంకో ఫార్వర్డ్‌తో జవాబు ఇవ్వలేను. చదివాకే చెప్పాను.

ఉతారిద్ సూర్యుణ్ణి వదిలి 28 డిగ్రీలకు మించి దూరం పోదు. కనిపిస్తే మగ్రిబ్ తర్వాత కాసేపు, లేదంటే ఫజ్ర్ వేళ కాసేపు. అందుకే దాని లెక్క కట్టడం చాలా ముష్కిల్. రెండో శతాబ్దంలో టాలెమీ ఒక లెక్క ఇచ్చాడు. అందులో గ్రహం ఒక వలయంలో తిరుగుతుంది. దాని వేగం సమంగా ఉండేది మాత్రం ఆ వలయం కేంద్రం నుంచి చూస్తే కాదు, పక్కనున్న ఇంకో బిందువు నుంచి చూస్తే. ఇదేం ఇన్సాఫ్ అని మన ఆలిమ్‌లు సవాల్ చేశారు.

1258లో హులాగూ బాగ్దాద్‌ను నేలమట్టం చేశాడు. మరుసటి ఏడాదే అతని అండతో నసీరుద్దీన్ తూసీ మరాగాలో రసద్‌గాహ్ మొదలుపెట్టారు. పెద్ద వలయం లోపల సగం కొలత ఉన్న చిన్న వలయం దొర్లితే, దాని అంచు మీది బిందువు సరళరేఖలో అటూ ఇటూ కదులుతుందని తూసీ చూపించారు.

తర్వాతి శతాబ్దంలో దమిష్క్‌లోని ఉమయ్యద్ మసీదులో ఇబ్న్ అల్ షాతిర్ మువక్కిత్‌గా ఉండేవారు. నమాజ్ వక్త్‌లు లెక్కగట్టడం ఆయన పని. ఆ మసీదు మీనార్ కోసం నీడగడియారం చేసిందీ ఆయనే. టాలెమీ పెట్టిన ఆ పక్క బిందువును ఆయన పూర్తిగా తీసేసి, వలయాల మీద వలయాలతోనే ఉతారిద్ నడకను సరిచేశారు.

కోపర్నికస్ గ్రంథం 1543లో అచ్చయింది. ఆయన రాతల్లో ఉతారిద్ లెక్క ఇబ్న్ అల్ షాతిర్ లెక్కతో సరిపోతుందని 1950లలో గాని చరిత్రకారులు గుర్తించలేదు.

మరి చోరీయేనా? ఆ లెక్క ఏ దారిన పోలండ్ చేరిందో చెప్పే సబూత్ ఇంతవరకు దొరకలేదు. పైగా ఇబ్న్ అల్ షాతిర్ జమీన్‌ను మధ్యలోనే ఉంచారు. సూరజ్‌ను మధ్యలో కూర్చోబెట్టిన హిమ్మత్ కోపర్నికస్‌ది. అల్ బత్తానీ లాంటివారి పేర్లను ఆయన తన గ్రంథంలోనే రాశారు కూడా.

"అంటే మనది ఏమీ లేదా?" అంది బేటీ, నిరాశగా.

ఉంది బేటా. దొంగ అని ఇంకొకరిని నిందిస్తే మన బుజుర్గ్‌ల ఇజ్జత్ పెరగదు. వాళ్లు ఏం లెక్క కట్టారో మనం చదివితే పెరుగుతుంది. మనం వాళ్ల పేర్లు చెప్పుకుంటున్నాం, వాళ్ల కితాబ్‌లు మాత్రం తెరవడం లేదు. అసలు నుక్సాన్ అక్కడుంది.

ఉతారిద్ మీది గుంటలకు కవుల, కళాకారుల పేర్లు పెట్టారు. వాటిలో ఒకటి రూమీ, ఒకటి అల్ జాహిజ్, ఇంకొకటి మన త్యాగరాజు. ఆ రాతి నేల మీద ముగ్గురికీ చోటుంది. ఈసారి ఉతారిద్ సాయంత్రం కనిపించే రోజుల్లో, మగ్రిబ్ నమాజ్ అయ్యాక మీ పిల్లల్ని మేడ మీదికి తీసుకెళ్లండి. పడమటి అంచున వెతకమనండి.