వృత్తి లంగరు

ఉద్యోగ జీవితంలో ఎంత ఒత్తిడి వచ్చినా మనిషి వదులుకోవడానికి ఇష్టపడని అంశాన్ని వృత్తి లంగరు అంటారు. తన నైపుణ్యం, కోరికలు, విలువల గురించి ఒకరికి కలిగే అవగాహనే దీనికి పునాది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యుడు ఎడ్గార్ షైన్ (1928–2023) ఈ భావనను రూపొందించారు. అక్కడి స్లోన్ స్కూల్‌లో మేనేజ్‌మెంట్ చదివిన 44 మందిని ఆయన 1960ల తొలినాళ్ల నుంచి పదేళ్లకు పైగా గమనించారు. వారి ఉద్యోగాలకు ఒకదానితో ఒకటి పొంతన లేకపోయినా, మార్పులకు ఒక్కొక్కరు చెప్పిన కారణాల్లో మాత్రం స్థిరమైన తీరు కనిపించింది. పొసగని పనిలో చేరినవారు మళ్లీ తమకు తగిన దారికే వచ్చారు.

1978లో వెలువడిన ‘కెరీర్ డైనమిక్స్’లో షైన్ ఐదు లంగర్లను వివరించారు: సాంకేతిక ప్రావీణ్యం, నిర్వహణ సామర్థ్యం, స్వేచ్ఛ, భద్రత, సొంతంగా ఏదైనా సృష్టించాలనే తపన. సేవాభావం, సవాలు, జీవనశైలి తర్వాత చేరాయి. సంస్థలకు అన్నిటికన్నా పనికొచ్చేది మొదటి రెండింటి మధ్య తేడా. ప్రావీణ్యమే ప్రాణమైన ఇంజనీరుకు మేనేజరు పదోన్నతి ఇస్తే, జీతం పెరిగినా పనిలో తృప్తి పోతుంది.

కొన్నేళ్లు పని చేశాకే లంగరు స్పష్టపడుతుందని షైన్ భావన. అందుకే ప్రభుత్వోద్యోగం కోసం ఏళ్ల తరబడి గ్రూప్స్ పరీక్షలకు చదివే తెలుగు యువకుడి లంగరు భద్రతేనని తేల్చేయడం తొందరపాటు. ఆ ప్రయత్నానికి కారణం ఇంటివారి ఆశ కూడా కావచ్చు. ఒక్కొక్కరికి ఒకే ప్రధాన లంగరు ఉంటుందన్న షైన్ వాదనను 1996లో డేనియల్ ఫెల్డ్‌మన్, మార్క్ బొలీనో ప్రశ్నించారు. ఒకే వ్యక్తికి ఒకటికి మించి ఉండవచ్చని వారు వాదించారు.