ఒత్తుల పెత్తనం

సీసపు అచ్చుల కాలంలో ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో కంపోజిటరు చేతికి తెలుసు. డీటీపీ వచ్చాక ఆ పెత్తనం కీబోర్డు ముందున్న ఆపరేటరుకు దక్కింది. పేజ్‌మేకర్ రోజుల్లో ఒక్కో ఫాంటుకు 256 గదులే, అందులోనూ కొన్ని పనికిరావు. తెలుగు సంయుక్తాక్షరాలన్నీ అందులో ఇమడవు గనక అక్షరాన్ని ముక్కలు చేశారు: తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, క్రావడి మరోచోట. తెర మీద కనిపించేది తెలుగు, ఫైల్లో ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లు. ఫాంటు మారిస్తే అంతా గజిబిజి. పత్రికల వెబ్‌సైట్లు తలా ఒక ఫాంటు పట్టుకోవడంతో, వాటిని చదివించడానికి ‘పద్మ’ లాంటి మార్పిడి పనిముట్లు పుట్టాయి.

ఆకారాన్ని కాక అక్షరాన్నే దాచాలన్న పద్ధతి భారతీయ లిపుల కోసం చేసిన 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో ఉంది. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పూ ఆ దారే పట్టింది. దాని ప్రకారం ‘స్త్రీ’ అంటే ఆరు కోడ్లు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. మరి వీటిని ఒక్క అక్షరంగా అల్లేదెవరు? 1990ల చివర్లో మైక్రోసాఫ్ట్, అడోబీ కలిసి తెచ్చిన ఓపెన్‌టైప్ ఆ బాధ్యతలో పెద్ద భాగాన్ని ఫాంటుకు అప్పజెప్పింది. ఫాంటు లోపలి ‘జీసబ్’ పట్టికలో ‘పొల్లు, త వరసగా వస్తే తవత్తు పెట్టు’ లాంటి నియమాలుంటాయి. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఇలాంటిదే.

నియమాలు రాయడం తేలికేం కాదు. ‘కార్త్స్న్యం’ లాంటి సంస్కృత పదంలో ఒత్తులు దొంతరగా దిగి కింది పంక్తిని తాకుతాయి. జంట ఒత్తులకు విడిగా బొమ్మలు గీసి పట్టికలో చేర్చిన ఫాంటే అక్కడ గట్టెక్కుతుంది. ఒత్తు పడకూడని చోట్లూ ఉన్నాయి: ‘సాఫ్ట్‌వేర్’లో టకారం కింద వవత్తు రాకుండా కంటికి కనిపించని నాన్‌జాయినర్‌ను ఇరికిస్తాం. 2018 ఫిబ్రవరిలో ఇదే నాన్‌జాయినర్ చేరిన ‘జ్ఞా’ ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 కూర్పుతో సరిదిద్దింది. తెలుగు అక్షరం ప్రపంచ వార్తల్లోకెక్కిన అరుదైన సందర్భం!

పేజ్‌మేకర్ తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులకు నేరుగా చోటు 2012 నాటి సీఎస్6తో గానీ దొరకలేదు. ఆ ఆలస్యం వల్ల కూడా యూనికోడ్ కాని అను ఫాంట్లు, వాటితో వాడే ‘ఆపిల్’ అనే కీబోర్డు వరస డీటీపీ కేంద్రాల్లో పాతుకుపోయాయి. నా లెక్కలో సీఎస్6 కంటే పెద్ద మలుపు స్వేచ్ఛా లైసెన్సుతో సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లు. ఫాంట్లు దిద్దే ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచి, నచ్చని ఒత్తును ఎవరైనా దిద్దుకోవచ్చు. కొన్నిటికి మాత్రం దిద్దాక పేరు మార్చాలన్న షరతుంటుంది.

పాత పుస్తకాలను పునర్ముద్రించేవారికి ఈ వెసులుబాటు మరీ అవసరం. ఆ పుస్తకాల్లో కనిపించే నకారపొల్లుకు 2021లో యూనికోడ్ 14 సొంత కోడు ఇచ్చింది. అక్షరానికి కుడిపక్కన వచ్చే రేఫ గుర్తు వలపలగిలకకు అలాంటిది లేదు. ర, పొల్లు, కంటికి కనిపించని జాయినర్ వరసగా కొట్టాలి; ఫాంటులో ఆ బొమ్మా దాని నియమమూ రెండూ ఉంటేనే అది కాగితం మీదికి వస్తుంది. లేకపోతే పట్టిక తెరిచి మనమే చేర్చుకోవాలి.