వచ్చిందెవరు? ఎంతసేపున్నారు?

వార్తల సైటు నడిపేవారైనా, ఆన్‌లైన్‌లో పచ్చళ్ళు అమ్మేవారైనా పొద్దున్నే ముందుగా చూసుకునేది నిన్నటి లెక్క. ఎంతమంది వచ్చారు, ఏ ఊరి నుంచి వచ్చారు, గూగుల్‌లో వెతికి వచ్చారా, వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు నొక్కి వచ్చారా, ఎక్కడిదాకా చూసి వెళ్ళిపోయారు, ఇదంతా బొమ్మలు గీసి మరీ చూపిస్తుంది వెబ్ అనలిటిక్స్. మూడు దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చిన విద్య ఇది. కానీ ఇందులోని ముఖ్యమైన పనిముట్లు తయారైనప్పుడు వాటిని చేసినవారి మనసులో పాఠకుడు లేడు. ఒకటి యంత్రం బాగోగులు చూసుకోవడానికి, మరొకటి కొనుగోళ్ళ బుట్ట కోసం, ఇంకొకటి ఓ పెద్ద కస్టమరు పని తెమలక పుట్టాయి. ఆ పుట్టుక లక్షణాలు వాటిని ఇప్పటికీ వదల్లేదు.

మొదటిది లాగ్ ఫైలు. 1991లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాకేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన తొలి వెబ్‌సైటు బయటి లోకానికి తెలిసింది. రెండేళ్ళకు అమెరికాలో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ కేంద్రంలో రాబ్ మెక్‌కూల్ అడిగిన పేజీలను పంపే సర్వర్ ప్రోగ్రాం ఒకటి రాశాడు. ఎవరు ఏది అడిగినా అది ఒక్కో వరుస రాసిపెట్టేది. అడిగిన కంప్యూటర్ చిరునామా, తేదీ, సమయం, ఫైలు పేరు, ఇచ్చిందా లేదా, ఇస్తే ఎన్ని బైట్లు. ఇచ్చినట్టయితే 200, అలాంటి ఫైలే లేకపోతే అందరికీ తెలిసిన 404. ఈ వరుస అమరికకే కామన్ లాగ్ ఫార్మాట్ అని పేరొచ్చింది. సర్వర్ ఎక్కడ తడబడిందో నిర్వాహకుడు చూసుకోవడానికి ఉద్దేశించిన చిట్టా అది. తర్వాత దానికి రెండు గడులు చేరాయి. ఏ పేజీ నుంచి వచ్చారు, ఏ బ్రౌజర్ వాడారు అన్నవి. అప్పటి నుంచి ఆ చిట్టాలో మనిషి జాడ కనిపించసాగింది.

1995లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఉన్న స్టీఫెన్ టర్నర్ ఈ లాగ్‌లను చదివి పట్టికలు వేసే 'అనలాగ్' అనే ప్రోగ్రాం రాసి ఉచితంగా పంచాడు. నాకు ఆ ప్రోగ్రాం కన్నా దానికి ఆయన జతచేసిన వివరణ మీద గౌరవం ఎక్కువ. మీ సైటుకు ఎంతమంది మనుషులు వచ్చారో, వాళ్ళెవరో ఈ లాగ్‌ల నుంచి తెలియదని అందులో నిర్మొహమాటంగా రాసిపెట్టాడు. కారణాలు తేలికైనవే. ఒక ఆఫీసులో వందమంది ఒకే చిరునామా వెనక ఉండొచ్చు. ఒకే మనిషి, డయలప్ తెగి మళ్ళీ కలిసినప్పుడల్లా కొత్త చిరునామాతో రావచ్చు. లెక్కల సాధనం చేసినవాడే ఆ లెక్కకు ఇంత నిజాయితీగా హద్దులు చెప్పడం ఈ రంగంలో అరుదు.

ఆ మాట చెవిన పెట్టినవాళ్ళు తక్కువ. 'మా సైటుకు లక్ష హిట్లు' అని చాటుకునే రోజులవి. హిట్టంటే సర్వర్‌ను అడిగిన ఒక్కో ఫైలు. పేజీలో ఇరవై బొమ్మలుంటే ఒక్క మనిషి ఒక్కసారి చూసినా ఇరవై ఒక్క హిట్లు. పెళ్ళికి ఎంతమంది వచ్చారంటే విస్తళ్ళు లెక్కపెట్టకుండా, విస్తట్లో పడిన ప్రతి పదార్థాన్నీ లెక్కపెట్టి చెప్పడం లాంటిది. పేజీ అడుగున అంకెల కౌంటర్లు వెలిసిందీ అప్పుడే. వాటిలో కొన్నింటిని సున్నాతో కాక ఏ పదివేలతోనో మొదలుపెట్టుకునే వెసులుబాటు కూడా ఉండేది!

రెండో పనిముట్టు కుకీ. వెబ్ సర్వర్‌కు జ్ఞాపకశక్తి లేదు. ఒక పేజీ చూసి రెండోది అడిగేసరికి మీరెవరో అది మరిచిపోతుంది. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీకి ఇదే చిక్కు వచ్చింది. ఆన్‌లైన్ అంగడి పెట్టదలచిన ఎంసీఐ అనే టెలిఫోన్ కంపెనీ, కొనుగోలు సగంలో ఉన్నవాళ్ళ బుట్టలను తన సర్వర్ల మీద మోయనంది. అయితే ఆ వివరాన్ని కొనేవాడి కంప్యూటర్‌లోనే దాచేద్దామన్నాడు లూ మాంటూలీ అనే యువ ఇంజినీరు. నిజానికి ప్రతి బ్రౌజర్‌కూ ఒక శాశ్వత నంబరు ఇచ్చేస్తే పని ఇంకా తేలిక. కానీ అప్పుడు ఒక మనిషి ఏయే సైట్లు తిరిగాడో కూపీ లాగవచ్చు కనుక ఆ దారి వదిలేశానని ఆయన తర్వాత చెప్పాడు. ఏ సైటు ఇచ్చిన కుకీ ఆ సైటుకే తిరిగి వెళ్ళేలా కట్టడి చేశాడు. తమాషా ఏమిటంటే, బుట్ట కోసం పుట్టిన కుకీకి దొరికిన తొలి కొలువు వేరు. నెట్‌స్కేప్ సొంత సైటుకు వచ్చినవారు కొత్తవారా, ఇదివరకు వచ్చినవారేనా అని కనిపెట్టడం! 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక రాసేదాకా మామూలు జనానికి ఈ సంగతి దాదాపు తెలియదు. చెప్పకుండా మా కంప్యూటర్‌లో చీటీ పెట్టడమేమిటని అప్పుడు మొదలైన గొడవ నేటికీ తీరలేదు.

ఈలోగా లాగ్ ఫైలుకు మరోవైపు నుంచి దెబ్బ తగిలింది. వేగం కోసం, ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే ఏఓఎల్ వంటి సంస్థలు, పెద్ద ఆఫీసులు జనం చూసిన పేజీల నకళ్ళు తమ దగ్గరే ఉంచుకునేవి. రెండో మనిషి అదే పేజీ అడిగితే నకలే అందేది. అసలు సర్వర్‌కు కబురే వెళ్ళేది కాదు. దీనికి విరుగుడుగా పేజీలోనే చిన్న జావాస్క్రిప్ట్ కోడు తునక పెట్టడం మొదలైంది. పేజీ ఎక్కడి నుంచి వచ్చినా సరే, పాఠకుడి తెర మీద పరుచుకోగానే అది కంటికి ఆనని ఒక్క పిక్సెల్ బొమ్మ కావాలని లెక్కల సర్వర్‌ను అడుగుతుంది. ఆ బొమ్మ బరువు కొద్ది బైట్లే. అడిగే చిరునామా తోకలోనే పేజీ పేరు, తెర కొలత, భాష వంటివన్నీ చేరవేస్తుంది. దీంతో ఇంకో మార్పు చల్లగా జరిగిపోయింది. సైటు యజమాని దగ్గరుండే చిట్టా పరాయి సర్వర్‌కు మారింది.

ఆ పరాయి సర్వర్లలో అన్నిటికన్నా పెద్దదాని మూలం కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో ఉంది. పాల్ మ్యూరెట్, స్కాట్ క్రాస్‌బీ, బ్రెట్ క్రాస్‌బీ, జాక్ ఆంకోన్ నడిపిన చిన్న సంస్థ మొదట్లో వెబ్‌సైట్లు కట్టి, వాటికి సర్వర్ల మీద చోటిచ్చేది. కస్టమర్లలో పెద్దది హోండా సైటు. దాని ఒక్కరోజు లాగ్‌ను అప్పట్లో దొరికే సాఫ్ట్‌వేర్‌తో తేల్చేసరికి ఇంచుమించు మరో రోజు గడిచిపోయేదని, మ్యూరెట్ రాసిన ప్రోగ్రాం పదిహేను నిమిషాల్లో ముగించేసిందని స్కాట్ క్రాస్‌బీ తర్వాత రాశాడు. ఆ ప్రోగ్రామే అర్చిన్, మన మూడో పనిముట్టు. 2005లో గూగుల్ దాన్ని కొనేసి, ఆ ఏడాది నవంబరు 14న గూగుల్ అనలిటిక్స్ పేరుతో ఉచితంగా వదిలింది. నెలకు వందల డాలర్లు పలికే సరుకు ఊరికే వస్తుంటే జనం ఆగుతారా? వారం తిరక్కుండానే కొత్త ఖాతాలు ఆపేయాల్సి వచ్చింది. మళ్ళీ అందరికీ తలుపులు తెరిచింది 2006 ఆగస్టులో. ప్రకటనల లింకుల తోకలో ఇప్పటికీ కనిపించే 'యూటీఎం'లో మొదటి అక్షరం అర్చిన్‌దే. గూగుల్‌కు ఇది దానధర్మమేమీ కాదు. ప్రకటన వల్ల ఎంత లాభమో కళ్ళారా చూసినవాడు ఇంకో ప్రకటన ఇస్తాడు.

ఉచితం కావడంతో లెక్క అందరి చేతికీ వచ్చింది. లెక్క కట్టిన తీరు మాత్రం చాలామందికి తెలియదు. పాతరకం గూగుల్ అనలిటిక్స్ ఒక పేజీ మీద గడిపిన సమయాన్ని, పాఠకుడు తర్వాతి పేజీ తెరిచిన వేళలోంచి ఈ పేజీ తెరిచిన వేళను తీసివేసి చెప్పేది. తర్వాతి పేజీ లేకపోతే తీసివేయడానికి ఏమీ ఉండదు. అంటే ఒక పెద్ద వ్యాసాన్ని ఇరవై నిమిషాలు నిదానంగా చదివి తృప్తిగా మూసేసిన పాఠకుడు ఖాతాలో సున్నా సెకన్లు ఉన్నవాడు, 'బౌన్స్' అయి వెనుదిరిగినవాడు. ఈ అంకెను చూసి వ్యాసాలు కుదించి, ఒకే కథనాన్ని పది పేజీలుగా ముక్కలు చేసిన సంపాదకులను తలచుకుంటే నాకు జాలే. 2020లో వచ్చి, 2023 జులై నుంచి పాతదాని స్థానం తీసుకున్న కొత్తరకం గూగుల్ అనలిటిక్స్, జీఏ4, ఈ పద్ధతి మార్చింది. పది సెకన్లు దాటి ఉన్నా ఆ రాకను నిలిచి చూసినట్టే లెక్కిస్తుంది. ఇదీ పైపై కొలతే. ఫోన్‌లో పేజీ తెరిచిపెట్టి పక్కవాళ్ళతో కబుర్లాడేవాణ్ణి ఏ తునకా పట్టుకోలేదు.

పరాయి సర్వర్ సంగతి చివరికి చట్టం దాకా వెళ్ళింది. 2018 మే 25న ఐరోపాలో జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. 2022 జనవరిలో ఆస్ట్రియా డేటా రక్షణ సంస్థ, పాఠకుల వివరాలను అమెరికాకు పంపుతున్న ఒక సైటు కేసులో గూగుల్ అనలిటిక్స్ వాడకం చట్టవిరుద్ధమని తేల్చింది. మరుసటి నెలలో ఫ్రాన్స్ కూడా అదే మాట అంది. చట్టాలే కాక బ్రౌజర్లూ అడ్డుతగిలాయి. ఆపిల్ సఫారీ బ్రౌజర్ 2019 నుంచి జావాస్క్రిప్ట్ పెట్టిన కుకీలను ఏడు రోజులకు మించి ఉంచడం లేదు. ఎనిమిదో రోజు వచ్చిన పాత పాఠకుడు లెక్కలో కొత్తవాడే. ఇక చట్టానికొస్తే, మన దేశంలోనూ డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది.

పాఠకుణ్ణి వెంటాడకుండా లెక్కించడం కుదరదనేవారికి వికీపీడియాను చూపిస్తాను. ఎవరు మళ్ళీ వచ్చారో తెలుసుకోవడానికి అది ఏళ్ళ తరబడి ఒక్కొక్కరికీ నంబరు ఇవ్వకుండానే నెట్టుకొచ్చింది. చివరిసారి వచ్చిన తేదీని మాత్రం కుకీలో రాసి ఊరుకునేది. యంత్రాల రాకపోకలను వేరుచేసి, మిగిలిన లెక్కను అందరి ముందూ పెడుతుంది. చాలా సైట్లకు ఇంతకు మించి అక్కర్లేదని నా అభిప్రాయం. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకూ ఇదే పద్ధతి. ఏ వ్యాసమైనా తెరిచి 'పేజీ సమాచారం' నొక్కండి. గత 30 రోజుల్లో దాన్ని ఎన్నిసార్లు చూశారో ఎవరి అనుమతీ అవసరం లేకుండా మీకే కనిపిస్తుంది.