మెట్టు క్రింది ధూళి

కీబోర్డు వాద్యములో ఒక మెట్టు ఎంత నొక్కినను పలుకదు. లేదా మెల్లగా తాకినను బిగ్గరగా అరచును. లోపల ఏదో మాడిపోయినదని తలంచి యజమాని దానిని అటక యెక్కించును, లేకున్న అయినకాడికి అమ్మివేయును. నిజమునకు పెక్కు సందర్భములలో మాడినది ఏమియు ఉండదు. మెట్టు క్రింద ఇసుమంత ధూళి చేరియుండును, అంతే.

ఈ జాడ్యము కొత్తది కాదు. మన పద్యనాటకములకు తోడు నిలిచిన హార్మోనియంలో ఇత్తడి రీడు సన్నని సందులో కంపించును. ఆ సందున నలుసు పడినచో స్వరము మూగవోవును. అయితే అచట దోషము కంటికి కనబడును. నలుసు తీసిన స్వరము మరల పలుకును. మెట్ల వాద్యములోనికి విద్యుత్తు ప్రవేశించిన పిమ్మట చిక్కు కంటికి కనబడని చోటికి మారినది.

అమెరికాలో లారెన్స్ హామండ్ అను నతడు విద్యుత్ గడియారములు చేసెడివాడు. గడియారమును సమవేగముతో త్రిప్పు మోటారునే ఆధారముగా గొని ఆయన 1935లో ఒక ఆర్గన్‌ను విపణికి తెచ్చెను. అందులో పండ్లు గల ఉక్కు చక్రములు సుమారు తొంబది అయస్కాంతముల యెదుట తిరుగుచుండును. ఒక్కొక్క చక్రము ఒక్కొక్క స్వరమునకు తగిన విద్యుత్ప్రవాహమును పుట్టించును. వాదకుడు మెట్టు నొక్కినపుడు దాని క్రింద తొమ్మిది సన్నని తీగలు తొమ్మిది లోహపు కడ్డీలను తాకును. ఒక వరుసకు 61 మెట్లు. అనగా 549 స్పర్శలు. వరుసలు రెండు గనుక మొత్తము 1098! ఇన్ని చోట్ల ధూళి చేరకుండుట అసాధ్యమని హామండ్ గ్రహించియుండవలెను. అందుచేతనే తీగల కొనలకు త్రుప్పుపట్టని ప్రశస్త లోహమును వాడెను. అంతటితో ఆగక, ఆ కడ్డీలను ఒక మరతో కొద్దిగా ప్రక్కకు జరుపు ఏర్పాటును కూడ చేసెను. ధూళి పట్టిన చోటు తప్పుకొని, తీగకు కడ్డీపై కొత్త చోటు దొరకును. గడియారములు చేయువాని బుద్ధి ఇట్లే పనిచేయును కాబోలు.

ఆ చక్రములకు నూనె పెట్టు పద్ధతి ఇంకను ముచ్చటైనది. పైనున్న గిన్నెలలో నూనె పోయుదురు. అచటినుండి నూలుదారములు ఇరుసులవరకు పోవును. మన ఇంటి దీపములో వత్తివెంట నూనె ప్రాకునట్లే దారమువెంట నూనె ప్రాకి ఇరుసును చేరును. ఏడాదికొకమారు పోసిన చాలును. కాని తగని నూనె పోసినచో అది కాలక్రమమున జిగురెక్కి, చక్రములు కదలకుండ బిగిసిపోవును. చక్రముల ఆర్గన్‌ల నిర్మాణము 1970 దశకపు నడుమ నిలిచిపోయినను, సరిగా నూనె పోసి కాపాడినవి నేటికిని మ్రోగుచున్నవి.

ట్రాన్సిస్టరు వచ్చిన తరువాత చక్రములు పోయినవి. రాబర్ట్ మూగ్ 1964లో ఆరంభించిన వాద్యపు బాటలో 1970 నాటికి చేతితో మోయదగిన మినీమూగ్ వెలసినది. చక్రములతోపాటు నూనె గిన్నెలు కూడ పోయినవి. మెట్టు క్రింది లోహస్పర్శ మాత్రము పోలేదు, ధూళియు పోలేదు.

నేటి వాద్యములలో పెక్కింట లోహపు తీగకు బదులు మెత్తని రబ్బరు బుడిపె ఉండును. దాని లోపల బొగ్గుపొడి కలిపిన రబ్బరు బిళ్ళలు రెండు ఉండును. మెట్టు దిగునపుడు మొదట ఒక బిళ్ళ, క్షణములో వేయింట కొన్ని వంతుల తరువాత రెండవది, క్రిందనున్న పలకను తాకును. ఈ రెంటి నడిమి వ్యవధిని బట్టియే వాదకుడు ఎంత బలముగా కొట్టెనో యంత్రము లెక్కకట్టును. వ్యవధి తక్కువయైన కొద్ది ధ్వని హెచ్చును. ఇపుడు మొదటి బిళ్ళ క్రింద ధూళి ఉన్నదనుకొందము. దాని స్పర్శ ఆలస్యమగును, వ్యవధి కుదించుకొనిపోవును, మెల్లగా నొక్కినను యంత్రము గట్టిదెబ్బ యని భ్రమించును. మెట్టు అరచుటకు కారణము ఇదియే. స్పర్శ బొత్తిగా కలుగకున్న మెట్టు పలుకనే పలుకదు.

దీనికి చికిత్స స్వల్పము. విద్యుత్తు తీసివేసి, వాద్యము విప్పుట తెలిసినవారిచే విప్పించి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో పలకను, బిళ్ళలను తుడిచి పూర్తిగా ఆరనీయవలెను. గరుకు కాగితముతో రుద్దినచో బొగ్గుపూత లేచిపోవును; అపుడు బిళ్ళనే మార్చవలసివచ్చును. ఇచట నూనె బొత్తిగా పనికిరాదు. హామండ్ చక్రములకు ప్రాణమైన నూనె ఇచట ధూళిని పట్టి ఉంచు జిగురగును.

పైభాగమును పిండిన తడిగుడ్డతో తుడిచిన చాలును. థిన్నరు, పెట్రోలు వంటివి ప్లాస్టిక్కును కరగించును. ధూళి పడకుండ పైన వినైల్ షీటు కప్పుట కొందరికి అలవాటు. కాని వినైల్‌ను మెత్తబరచుటకు కలుపు ద్రవ్యములు మెల్లగా వెలువడి, క్రింది ప్లాస్టిక్కున చేరి మరకలు చేయును. నూలుగుడ్డ మేలు.

ధూళిని మించిన శత్రువు మరియొకటి కలదు. 1981లో జపాను నుండి వచ్చిన కోర్గ్ పాలీసిక్స్ అను వాద్యమున జ్ఞాపకమును నిలుపుటకు ఒక నికెల్-కాడ్మియం బ్యాటరీని పలకపైననే అతికించిరి. ఏండ్లు గడచిన పిదప అది కారి, అందలి క్షారము రాగి దారులను తినివేసినది. అట్లు పాడైన పాలీసిక్స్‌లు పెక్కు. నేటి చిన్న కీబోర్డులలో వేయు ఆల్కలైన్ ఘటములలోను క్షారమే ఉన్నది. సెలవుల తరువాత పిల్లల కీబోర్డును పెట్టెలో పెట్టునపుడు ముందుగా వాటిని తీసివేయవలెను.