బిలియర్డు బంతులు – తుపాను గాలులు

గుడివాడలో సాయంకాలము బడి వదలిన పిదప పిల్లవాడొకడు అన్నగారి ఫోను తీసికొని పూల్ ఆట తెరచును. పచ్చని బల్ల, దానిమీద రంగురంగుల పదునైదు బంతులు, ఒక తెల్లబంతి. పిల్లవాడు వ్రేలితో గీత లాగి వదలును. తెల్లబంతి పరుగెత్తి గుంపును తాకును. బంతులు చెదరి, అంచులకు కొట్టుకొని వెనుకకు మరలి, ఒకటి రెండు మూల సంచులలో పడును. నిజమైన బల్లపై ఎట్లు జరుగునో ఇంచుమించుగా అట్లే జరుగును. కాని అక్కడ బల్ల లేదు, ఉన్నిగుడ్డ లేదు, బంతి లేదు. గాజుపలక క్రింద వెలుగు చుక్కలు మాత్రమే ఉన్నవి. ఎటు పోవలెనో ఆ చుక్కలకు ఎవరు చెప్పిరి?

సినిమావలె ముందుగా తీసిపెట్టిన బొమ్మ అయి ఉండునని తోచవచ్చును. అది సాధ్యము కాదు. వ్రేలు వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినచో ఆట వేరగును. ఇన్ని ఆటలను ఎవరు తీసి దాచగలరు? కావున ప్రతి దెబ్బకును యంత్రము అప్పటికప్పుడు లెక్క కట్టవలసినదే. ఆ లెక్కను గ్రంథరూపమున సమగ్రముగా వ్రాసిన వ్యక్తి పేరు కృష్ణా తీరమువారికి క్రొత్త కాదు. అయితే ఆ పేరు వారికి తెలిసినది ఆటల వలన గాక తుపానుల వలన. ఆయన ఫ్రాన్సు దేశస్థుడైన గాస్పార్ గుస్తావ్ కొరియోలిస్.

కొరియోలిస్ 1792లో పారిస్ నగరమున పుట్టి, అక్కడి పాలిటెక్నిక్ విద్యాలయములో అధ్యాపకుడై, 1843లో మరణించెను. 1835లో ఆయన బిలియర్డు ఆటలోని బంతుల చలనమునుగూర్చి ఒక గణితగ్రంథము ప్రకటించెను. ఆటను గూర్చి గణితజ్ఞుడు గ్రంథము వ్రాయుట వింతగా కనబడవచ్చును గాని, అందులోని సమస్య చిన్నది కాదు.

మన ఇండ్లలో ఆడు క్యారమ్ ఆటతో పోల్చి చూచిన ఆ సమస్య తేటపడును. క్యారమ్ కాయ బల్లపై చదునుగా పడియుండి జారును. ఘర్షణ దానిని వెనుకకు లాగుచుండును. కాయ తిన్నగా పోయి నిలిచిపోవును. బిలియర్డు బంతి అట్లు కాదు. దానిని సరిగా నడుమ పొడిచినపుడు మొదట అదియు జారును, కాని జారుచుండగనే గుడ్డ దాని అడుగుభాగమును పట్టుకొని త్రిప్పుట కారంభించును. జారుట తగ్గుచు దొర్లుట హెచ్చుచు, ఒక క్షణమున జారుట పూర్తిగా నిలిచి దొర్లుట మాత్రమే మిగులును. బంతిలో రెండు చలనము లున్నవి: ముందునకు పోవుట, తన చుట్టు తాను తిరుగుట. ఈ రెంటి నడుమ బేరము కుదుర్చునది ఘర్షణ.

ఆ బేరమును తొమ్మిదవ తరగతి విద్యార్థియు లెక్క కట్టవచ్చును. ఘర్షణ బంతి ముందు వేగములో కొంత తగ్గించినదనుకొనుడు. అదే ఘర్షణ బంతిని త్రిప్పును గదా. గట్టి గోళమునకు ఆ త్రిప్పుట వలన అంచునకు వచ్చు వేగము తగ్గిన వేగమునకు రెండున్నర రెట్లుండును. ముందు వేగమును అంచు వేగమును సమానమైనపుడు జారుట నిలుచును. మొదటి వేగము సెకనుకు 7 మీటర్లయినచో, 2 మీటర్లు తగ్గి 5 మిగులును. 2కు రెండున్నర రెట్లు 5. కావున నడుమ పొడిచిన బంతి దొర్లుట మొదలిడునప్పటికి దాని వేగము మొదటి వేగములో 5/7 వంతు. గుడ్డ గరుకైన ఈ మార్పు త్వరగా వచ్చును, నునుపైన ఆలస్యముగా వచ్చును. భాగము మాత్రము రెండు చోట్లను 5/7 యే. గుడ్డ స్వభావమును పట్టక ఈ సంఖ్య నిలుచుట చూచి ఆశ్చర్యపడని వారుండరు.

కొరియోలిస్ నిరూపించిన మరియొక విషయ మింతకన్న సొగసైనది. నేర్పరి క్యూ కర్రను పైకెత్తి బంతిని ప్రక్కగా పొడిచినపుడు అది వంకరగా పోయి అడ్డుగా నున్న బంతిని చుట్టివచ్చును. ఆ వంకర ఏ ఆకారమున నుండును? జారుచున్నంతసేపు బంతి అడుగున ఘర్షణ దిశ మారదు. మారని దిశలో మారని బలము పనిచేసినపుడు ఏమగునో పైకి విసరిన రాయి చూపుచున్నది. అదే పరావలయము. బల్లమీది బంతియు జారుచున్నంతవరకు పరావలయమున పోయి, దొర్లుట మొదలుకాగానే సరళరేఖ పట్టును. నేటి వీడియో ఆటలో తెల్లబంతికి "స్పిన్" ఇచ్చి పిల్లలు త్రిప్పునది ఈ పరావలయమే.

ఆ 1835లోనే కొరియోలిస్ మరియొక వ్యాసము ప్రకటించెను. తిరుగుచున్న యంత్రములలో వస్తువులు ఎట్లు చలించునన్నది అందలి విషయము. ఆయన మనస్సులో నున్నవి నీటిచక్రముల వంటివి. గాలిని గూర్చిగాని సముద్రమును గూర్చిగాని ఆయన ఆలోచింపలేదు. తిరుగుచున్న భూమిపై వీచు గాలికి ఈ విచారణ ఎట్లు వర్తించునో 1856లో అమెరికాలో విలియం ఫెరెల్ వివరించెను. ఉత్తరార్ధగోళములో చలించు ప్రతి వస్తువును కుడివైపునకు తొలగును. అల్పపీడన కేంద్రమువైపు నలుదెసలనుండి పరుగెత్తు గాలులు కుడికి తొలగుటచే కేంద్రమును తిన్నగా చేరజాలక దానిచుట్టు గడియారపు ముల్లునకు ఎదురు దిశలో సుడి తిరుగును.

ఈ బలము బిలియర్డు బంతిపై పనిచేయదా? చేయును. మచిలీపట్నము అక్షాంశము 16 డిగ్రీలు. అక్కడ బల్లపై 2 మీటర్ల దూరమును ఒక సెకనులో దాటు బంతిని ఈ బలము 0.04 మిల్లీమీటరు మాత్రమే ప్రక్కకు నెట్టును. తలవెండ్రుక మందమంతయు లేదు. ఆటగాని కది లెక్కలోనిది కాదు. కాని గాలి ఒక సెకను గాక దినములతరబడి, రెండు మీటర్లు గాక వందల కిలోమీటర్లు పయనించును. బల్లమీద కనబడనిది బంగాళాఖాతముమీద విధ్వంసకమగును.

1977 నవంబరు 19న తుపాను కేంద్రము చీరాల సమీపమున తీరము దాటెను. దివిసీమ దానికి ఈశాన్యముగా, తుపాను పోవు దారికి కుడిప్రక్కన ఉన్నది. ఎదురు సుడిగా తిరుగు గాలి కుడిప్రక్కన సముద్రమునుండి నేలవైపు వీచునని పై వివరణనుండి పటము గీచి తెలిసికొనవచ్చును. ఆ గాలి సముద్రమును ఎత్తి పల్లపు నేలపై పోసెను. దాదాపు 5 మీటర్ల ఉప్పెన నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతముల గ్రామములను ముంచివేసెను. సుమారు 10,000 మంది మరణించిరి. 1864 నవంబరు 1న మచిలీపట్నమును ముంచిన ఉప్పెనలో మృతులు దాదాపు 30,000. కుడిప్రక్క, ఎడమప్రక్క అను భేదము ఈ సీమలో జీవన్మరణముల భేదము.

స్నూకరు ఆటకు కూడ మన దేశమే పుట్టినిల్లు. 1875లో జబల్‌పూరులోని సైనికాధికారుల విడిదిలో నెవిల్ ఛేంబర్లేన్ అను యువకుడు బ్లాక్ పూల్ అను ఆటకు మరికొన్ని రంగుబంతులు చేర్చి దీనిని కల్పించెను. 1882లో ఉదకమండలము క్లబ్బులో నియమములు వ్రాసి గోడకు తగిలించిరి. నాడు ఉదకమండలమును కృష్ణా మండలమును ఒకే మద్రాసు రాజధానిలోనివి. భారత వాతావరణ శాఖ ఏర్పడినదియు ఆ 1875లోనే. ఇది కేవలము కాకతాళీయము.

లెక్క తెలిసియు దానిని బంతి వేగముతో కట్టుట చేతితో సాధ్యము కాదు. ఎలక్ట్రానిక్ కంప్యూటరు వచ్చువరకు కొరియోలిస్ గ్రంథము గ్రంథముగనే ఉండెను. 1950లో చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, వాన్ న్యూమన్ అను శాస్త్రజ్ఞులు ఎనియాక్ యంత్రముపై తొలిసారిగా వాతావరణ సూచనను గణించిరి. 24 గంటల సూచన కట్టుటకు ఇంచుమించు 24 గంటలు పట్టెను! రేపటి వాన సంగతి రేపు తెలియుటవంటిదే గాని, దారి తెరువబడెను. నాలుగేండ్లకు, 1954లో, మిషిగన్ విశ్వవిద్యాలయములో విలియం జార్జ్ బ్రౌన్, టెడ్ లూయిస్ అనువారు మిడ్‌సాక్ అను కంప్యూటరుపై పూల్ ఆట రచించిరి. సైన్యముకొరకు నిర్మించిన యంత్రమది. 13 అంగుళముల తెరపై పదునైదు బంతులును తెల్లబంతియు చుక్కలుగా కనబడెను. సెకనుకు 40 సారులు బొమ్మ మారెను. బంతులను చూపుటతోనే యంత్రశక్తి సరిపోయినందున బల్ల అంచులను తెరపై చేతితో గీచిరి. ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా ఆడదగిన ఈ ఆట కంప్యూటరుపై చలనచిత్రముతో నడచిన తొలి ఆటలలో ఒకటి.

వాతావరణ గణనకును ఆట గణనకును పద్ధతి ఒక్కటే. ఈ క్షణమున స్థితి ఇది. దీనిపై పనిచేయు బలములివి. కావున కొద్దిసేపటి తరువాత స్థితి ఇది. మరల అక్కడనుండి మొదలు. ఇందు ఒక చిక్కున్నది. సెకనుకు 5 మీటర్ల వేగమున పోవు బంతి సెకనులో నలుబదవ వంతు కాలమున పన్నెండున్నర సెంటీమీటర్లు కదలును. స్నూకరు బంతి వ్యాసము 5.25 సెంటీమీటర్లు. ఈ అడుగునకు ఇవతల ఒకసారి, అవతల ఒకసారి మాత్రమే చూచు యంత్రమునకు నడుమనున్న బంతి తగిలినట్లే తెలియదు. బంతి బంతిలోనుండి దూరిపోవును. అందుచే మంచి ఆటలలో అడుగును మిక్కిలి చిన్నది చేయుటయో, రెండు బంతులు తాకు క్షణమును సమీకరణముతో ముందే కనుగొనుటయో జరుగును.

1981లో జపానుకు చెందిన కొనామి సంస్థ వీడియో హస్లర్ అను పేర బిలియర్డు ఆటను దుకాణపు యంత్రములలోనికి తెచ్చెను. అందులో బల్ల పైనుండి చూచినట్లు చదునుగా కనబడును. ఇంటి కంప్యూటరులో బల్లచుట్టు తిరిగి ఏ మూలనుండియైన చూచి కొట్టు వీలు కల్పించిన ఘనులలో ఇంగ్లండువాడైన ఆర్చర్ మక్లీన్ ముఖ్యుడు. 1991లో ఆయన రచించిన ఆటకు జిమ్మీ వైట్ అను స్నూకరు క్రీడాకారుని పేరు పెట్టిరి. అది నడచిన అమీగా కంప్యూటరు సెకనుకు డెబ్బది లక్షల స్పందనములు గలది. దశాంశ సంఖ్యల గణనకు అందు ప్రత్యేకోపకరణము లేదు. అంత చిన్న యంత్రముతో అంత పని చేయించుట అసాధారణము. జిమ్మీ వైట్ బిరుదు "సుడిగాలి" యగుట తెలుగు పాఠకులకు నవ్వు తెప్పింపవచ్చును. 1995లో వర్చువల్ పూల్, 2010లో మినీక్లిప్ సంస్థవారి ఎయిట్ బాల్ పూల్ వెలువడెను. ఎయిట్ బాల్ పూల్ వంటివి నేడు ఫోనులలో నున్నవి.

లెక్క సరియైనదే, యంత్రము వేగమైనదే. అయినను ఒక హద్దున్నది. స్నూకరు బల్లపై ఒకదానికొకటి 50 సెంటీమీటర్ల ఎడముతో బంతులున్నవనుకొనుడు. మొదటిది రెండవదానిని, రెండవది మూడవదానిని, ఇట్లు వరుసగా కొట్టవలెను. గురిలోని పొరపాటు ఒక్కొక్క తాకిడికి సుమారు పదిరెట్లగును, ఏలయన 50 సెంటీమీటర్ల దూరము బంతి వ్యాసమునకు దాదాపు పదిరెట్లు. మొదట పొరపాటు డిగ్రీలో వెయ్యవ వంతయినచో నాలుగు తాకిడులకు అది 10 డిగ్రీలగును. ఆపైని బంతిని తాకక ప్రక్కనుండి పోవును. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ వాతావరణ గణనలో 0.506127 అను సంఖ్యకు మారుగా 0.506 అని యంత్రమున కిచ్చి, ఫలితము కొంతకాలమునకు పూర్తిగా వేరగుట కనుగొనెను. 1963లో దానిపై వ్యాసము ప్రకటించెను. బల్లమీది బంతుల గుణమే గాలికిని ఉన్నదని దానివలన తేలెను.

ఇచ్చట ఆటకును తుపానుకును దారి వేరగును. ఫోనులోని ఆటకు మొదటి స్థితిలో పొరపాటే లేదు. యంత్రము వ్రాసికొన్న సంఖ్యయే బంతియున్న చోటు. గుడివాడలోని ఫోను, అవనిగడ్డలోని ఫోను ఒకే ఆటను విడివిడిగా గణించునపుడు మాత్రము రెండును చివరి దశాంశమువరకు ఒకే తీరున కుదింపవలెను; లేనిచో ఒకరి తెరపై సంచిలో పడిన బంతి రెండవవారి తెరపై అంచున నిలుచును. తుపానుకు అట్టి సౌకర్యము లేదు. సముద్రముమీది గాలి వేగమును ఎవరో కొలిచి యంత్రమున కీయవలెను, కొలతలో పొరపాటుండును, అది దినదినము పెరుగును. కావున ముందు కట్టిన లెక్కను క్రొత్త కొలతలతో మాటిమాటికి సరిదిద్దవలెను.

1977లో ఆ కొలతలును ఆ యంత్రములును ఈ తీరమునకు అందుబాటులో లేవు. వాతావరణ సూచనను గణించుటకు ప్రత్యేకముగా జాతీయ కేంద్రము 1988లో ఏర్పడెను. మచిలీపట్నములో డాప్లర్ రాడారు 2004లో వచ్చెను. అది తిరుగుచున్న మేఘములలో వాన చినుకులు ఎంత వేగముగా దగ్గరకు వచ్చుచున్నవో, దూరమగుచున్నవో కొలుచును. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటెను. బాపట్లయు చీరాలయు పక్కపక్క ఊళ్లే; దివిసీమ మరల దారికి కుడిప్రక్కననే ఉన్నది. ఈసారి తుపాను ఎటు వచ్చుచున్నదో దినములకు ముందే చెప్పిరి, లోతట్టు ప్రజలను ముందే తరలించిరి.